బొగ్గు నీళ్లు తేట కావాలంటే: ఎన్నూరు వైపు యార్డులకు కాలువలు, సెట్లింగ్ పాండ్లు

సింగరేణి వైపు ఓపెన్‌కాస్టు గనుల్లో పనిచేసి వచ్చినవాళ్లకు మృగశిర కార్తె లోపు కాలువలు తీయించడం అలవాటు. అక్కడ అది సరైన లెక్కే. చెన్నైకి ఉత్తరాన ఉన్న ఎన్నూరు, అత్తిపట్టు, మీంజూరు బొగ్గు యార్డుల్లో అదే క్యాలెండర్ పట్టుకుంటే పని చెడుతుంది. చెన్నైకి ఏడాదికి సుమారు 1,400 మి.మీ. వాన పడితే అందులో 800 దాకా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. అంటే దాదాపు చిత్త నుంచి మూల కార్తె దాకా. మే నెలలో తీసిన కాలువ సెప్టెంబరుకల్లా మళ్లీ బొగ్గు పొడితో సగం పూడిపోయి ఉంటుంది. కాబట్టి ఇక్కడ కాలువలకు గడువు హస్త కార్తె, అంటే అక్టోబరు మొదటి వారం. నల్లనీళ్లను నిలిపి తేర్చే సెట్లింగ్ పాండ్లలో మడ్డి తీయడం మాత్రం ఎండాకాలంలోనే. ఎందుకో తర్వాత వస్తుంది.

రెండో తేడా ఇంకా పెద్దది. గనిలో వాన ఎక్కువైతే నీళ్లు పిట్ అడుగున సంప్‌లోకి దిగుతాయి. నాలుగు రోజులు ఆగి తోడుకోవచ్చు, ఉత్పత్తి పోతుందేగానీ నల్లనీళ్లు ఊళ్లోకి పోవు. యార్డుకు అలాంటి గొయ్యి లేదు. చుట్టూ చదునైన నేల, పక్కనే బకింగ్‌హాం కాలువ, కుశస్థలి నది, ఆ కింద ఎన్నూరు క్రీకు. పాండ్ నిండితే మిగిలినదంతా అటే. 2001లో ఎన్నూరు రేవు మొదలైంది ప్రధానంగా థర్మల్ స్టేషన్ల బొగ్గు కోసమే. 2011లో హైకోర్టు తీర్పు తర్వాత చెన్నై రేవులో బొగ్గు దించడం ఆగిపోయి ఆ సరుకు కూడా ఉత్తరానికి వచ్చింది. కాబట్టి ఈ వైపు యార్డు నడిపేవాళ్లు వాన నీటి లెక్క నేర్చుకోక తప్పదు.

కింది లెక్కలన్నీ 4 హెక్టార్ల యార్డుకు, అంటే దాదాపు పదెకరాలకు వేసినవి. 200 మీటర్ల పొడవు, అంతే వెడల్పు అనుకోండి. మీ యార్డు కొలతలకు తగ్గట్టు పెంచుకోండి, తగ్గించుకోండి.

బొగ్గు మట్టి కాదు

చాలా పాండ్లు పనిచేయకపోవడానికి మూలం ఒక్కటే: మట్టి నీళ్లకు వేసే డిజైన్‌ను బొగ్గు నీళ్లకు వేయడం. ఇసుక, మట్టి రేణువు సాంద్రత నీటికి 2.65 రెట్లు. బొగ్గుది దాదాపు 1.35 మాత్రమే. నీళ్లలో రేణువును కిందికి లాగేది ఈ రెండు సాంద్రతల తేడా. మట్టికి ఆ తేడా 1.65, బొగ్గుకు 0.35. అంటే ఒకే సైజు రేణువైతే బొగ్గు మట్టి కంటే ఐదో వంతు వేగంతో దిగుతుంది. 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) మట్టి రేణువు మన ఎండ వేడి నీళ్లలో గంటకు మీటరున్నర దిగితే, అదే సైజు బొగ్గు గంటకు 32 సెం.మీ. దాకా దిగుతుంది. సైజు సగమైతే వేగం నాలుగో వంతు అవుతుంది. 10 మైక్రాన్ల బొగ్గు గంటకు 8 సెం.మీ., 5 మైక్రాన్లయితే 2 సెం.మీ.

ఇంకో చిక్కు. బొగ్గుకు నీళ్లు పడవు. సన్న పొడి తడవకుండా నీటి మీద నల్లని పొరగా తేలుతుంది. ఆ పొర ఎన్నాళ్లున్నా దిగదు, గాలికి ఒక మూలకు చేరి తూము గుండా జారిపోతుంది. కింద నీళ్లు తేటగా ఉన్నా బయటికి నల్లనీళ్లు పోయాయని ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఈ పొరనే.

కాబట్టి వరుస ఇది: బొగ్గును నీళ్లలో కలవనీయకపోవడం, కలిసిన ముతకను తొట్టిలో పట్టడం, సన్నదాన్ని నిలకడ నీళ్లలో దింపడం, అప్పటికీ దిగనిదానికి పటిక. మొదటి పని సరిగా చేయకుండా నేరుగా పటికకు పోయేవాళ్లు ఏడాది పొడవునా పటిక కొంటూనే ఉంటారు.

ఎంత నీరు వస్తుంది

ఒక హెక్టారు మీద ఒక మి.మీ. వాన పడితే 10 ఘనపు మీటర్లు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే సైటులో నిలబడే అంచనా వేయొచ్చు. రోజుకు 100 మి.మీ. వానకు పాండ్ కట్టాలనుకుందాం. 4 హెక్టార్ల మీద 4,000 ఘనపు మీటర్లు పడతాయి. ఎండిన కుప్ప కొంత తాగుతుంది, నేల కొంత తాగుతుంది. పారే వాటా 0.7 అనుకుంటే 2,800 ఘనపు మీటర్లు.

ఆ 0.7 మొదటి వానలకే. పది రోజులు ముసురు పట్టాక కుప్ప ఇక తాగదు, అప్పుడు 0.9 వేయాలి. కాలువ, అలుగు కొలతలకు కూడా 0.9 వాడటమే క్షేమం.

కాలువల కోసం కావాల్సింది ఒక్కసారిగా వచ్చే పోటు. సూత్రం సులువే: వాటా, గంటకు పడే మి.మీ., హెక్టార్లు ఈ మూడింటినీ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఘనపు మీటర్లు వస్తాయి. గంటకు 60 మి.మీ. జోరు వానకు 0.7 × 60 × 4 ÷ 360 = 0.47. తుఫాను జోరు గంటకు 100 మి.మీ., వాటా 0.9 అయితే 1.0.

ఈ 0.47 పారుతూ ఉండగానే 20 మైక్రాన్ల బొగ్గు దిగాలంటే ఎంత విస్తీర్ణం కావాలి? ప్రవాహాన్ని దిగే వేగంతో భాగించాలి. సెకనుకు 0.09 మి.మీ. వేగం ప్రకారం 5,200 చదరపు మీటర్లు వస్తుంది. సుడులకు, అడ్డదారి పట్టే నీళ్లకు 20 శాతం కలిపితే 6,200. ఎకరంన్నర నీటి అద్దం! అంత ఇచ్చినా 10 మైక్రాన్ల పొడి దాటిపోతుంది. అందుకే బొగ్గు యార్డుకు పారే పాండ్ మీద ఆశ పెట్టుకోకూడదు. నింపు, ఆపు, తేర్చు, వదులు పద్ధతే నయం. దానికి రెండు పాండ్లు కావాలి. ఒకటి నిండుతుంటే ఇంకోటి తేరుతుంది. ఈశాన్య రుతుపవనాల్లో వాన ఒక్కరోజుతో పోదు, మూడు నాలుగు రోజులు వరుసగా కొడుతుంది. ఒక్క పాండ్ ఉన్న యార్డు రెండో రోజుకే చేతులెత్తేస్తుంది.

మంచి నీళ్లు వేరు, నల్ల నీళ్లు వేరు

రోడ్ల మీద, ఆఫీసు పైకప్పు మీద, పక్క ఖాళీ స్థలంలో పడిన వాన బొగ్గును తాకలేదు. అది పాండ్‌లోకి వస్తే అనవసరంగా చోటు తింటుంది. యార్డు హద్దు చుట్టూ 45 నుంచి 60 సెం.మీ. ఎత్తు మట్టికట్ట వేసి, బయటి నీళ్లను బయటి కాలువలోకే మళ్లించండి. గేటు దగ్గర కట్ట తెగుతుంది కాబట్టి అక్కడ అడ్డంగా ఇనుప జాలీ కాలువ ఉండాలి, లేదా టిప్పర్ ఎక్కి దిగేలా కాంక్రీటు గట్టు. హెక్టారు బయటి నీళ్లు లోపలికి వస్తే 100 మి.మీ. వానకు వెయ్యి ఘనపు మీటర్లదాకా చోటు పోయినట్టే. గట్టు ఖర్చు ఎంత, అంత పాండ్ తవ్వే ఖర్చు ఎంత, పోల్చి చూసుకోండి.

లోపల కుప్పల చుట్టూ గార్లాండ్ డ్రెయిన్. ఇది నల్లనీళ్ల కాలువ. దూరపు మూల నుంచి రెండు చేతులుగా పాండ్ వైపు వస్తే ఒక్కో చేతి మీద సగం పోటు, అంటే సెకనుకు 0.23 ఘనపు మీటర్లు. 60 సెం.మీ. వెడల్పు కాంక్రీటు కాలువలో 45 సెం.మీ. లోతున నీళ్లు పారుతున్నాయనుకుందాం. వాలు 300కు 1 అయితే సెకనుకు 0.29 మోస్తుంది, వేగం మీటరు దాటుతుంది. వాలు 500కు 1 ఇస్తే మోసేది 0.227కు పడిపోతుంది, సరిపోయీ సరిపోనట్టు. పైగా వేగం 0.75 మీటరు కంటే తగ్గితే బొగ్గు కాలువలోనే కూర్చుంటుంది. కూర్చున్న కాలువకు ఇంకా వేగం తగ్గుతుంది. ఆ చక్రం మొదలైతే పారతో తప్ప ఆగదు. పైన 15 సెం.మీ. ఖాళీ వదిలి మొత్తం లోతు 60 సెం.మీ. పెట్టండి. ఇది జోరు వాన లెక్క. తుఫాను వాన పోటు కూడా కాలువలోనే ఇమడాలంటే వెడల్పు 90 సెం.మీ., నీటి లోతు 60 సెం.మీ. కావాలి.

ఈ వాలే చెన్నైలో తంటా. ఒక్కో చేయి 400 మీటర్లు. 300కు 1 వాలుతో చివరికి 1.33 మీటర్లు దిగుతుంది. మొదట్లో 60 సెం.మీ. లోతున్న కాలువ చివర దాదాపు రెండు మీటర్ల కింద ఉంటుంది. పాండ్‌లో నీటిమట్టం దానికంటే కింద ఉండాలి, ఆ కింద ఇంకో రెండు మీటర్లు నీటి లోతు. నాలుగు మీటర్లు తవ్వితే ఈ ప్రాంతంలో భూగర్భ జలంలోకి దిగినట్టే. చాలా డ్రాయింగులు ఇక్కడే చతికిలబడతాయి.

దారులు రెండు. యార్డు కట్టేటప్పుడే నేలనంతా పాండ్ వైపు 300కు 1 వాలేలా దూరపు మూలను మట్టి పోసి ఎత్తు చేయడం. అప్పుడు కాలువ మొదటి నుంచి చివరిదాకా ఒకే లోతు. మట్టి ఖర్చు ఒకసారే. లేదంటే కాలువ చివర సంప్ పెట్టి, నేల మీద కట్టిన పాండ్‌లోకి పంపులతో ఎత్తడం. కానీ 0.47 అంటే గంటకు 1,680 ఘనపు మీటర్లు. అంత పంపు, దానికి డీజిల్ జనరేటర్, ఒకటి చెడితే ఇంకోటి. తుఫాను రోజు కరెంటు ఉంటుందనుకోవడం పిచ్చి ఆశ. వీలుంటే మొదటి దారే పట్టండి.

కుప్ప అడుగున

కుప్పకూ కాలువకూ మధ్య కనీసం రెండు మీటర్ల ఖాళీ ఉండాలి. కుప్ప కాలి దగ్గర 60 సెం.మీ. ఎత్తు కాంక్రీటు గోడ కట్టి, రెండు మీటర్లకు ఒకటి చొప్పున 10 సెం.మీ. రంధ్రాలు వదలండి. రంధ్రాల వెనక చేతి పిడికిలంత కంకర పోయాలి. గోడ బొగ్గును ఆపుతుంది, కంకర నీళ్లను వడకడుతుంది. కంకర లేకపోతే రంధ్రం రెండో వానకే పూడి, నీళ్లు గోడ మీదుగా దూకుతాయి.

కాలువలు పూడటానికి వానకంటే లోడర్ పెద్ద కారణం. షిఫ్టు చివర నేల గీకి మిగిలిన పొడినంతా అంచుకు, అంటే కాలువలోకి తోయడం ఆపరేటర్లకు సులువు. గీకడం కుప్ప వైపుకే అని గీత గీసి చెప్పాలి, గోడ ఆ గీత పని చేయాలి. లోడర్ దాటే చోట కాలువ మీద బరువు మోసే ఇనుప జాలీ వేయండి. రాతి పలకలు వేస్తే విరిగి కాలువలోనే పడతాయి, ఎవరూ పైకి తీయరు.

వాన ముందు కుప్ప వాలును లోడర్ బకెట్‌తో అదిమి నున్నగా చేస్తే నీళ్లు గాడులు కోయవు. ఇండోనేషియా బొగ్గు లోపల తనంతట తానే వేడెక్కే రకం. అదమడం దానికీ మంచిదే, గాలి దూరదు. రోజుల తరబడి టార్పాలిన్ కప్పి వదిలేసేవాళ్లు మాత్రం కింద ఉష్ణోగ్రత చూస్తూ ఉండాలి.

ముందరి తొట్టి, తర్వాత పాండ్

కాలువ నేరుగా పాండ్‌లో పడకూడదు. మధ్యలో కాంక్రీటు తొట్టి ఉండాలి, ఒక పాండ్ ఘనపరిమాణంలో పదో వంతు, అంటే ఇక్కడ 280 ఘనపు మీటర్లు. ముతక బొగ్గు చాలా మటుకు ఇందులోనే పడుతుంది. దీన్ని వారం వారం తీయాలి కాబట్టి జేసీబీ దిగే ర్యాంప్ తప్పనిసరి, వాలు 6కు 1 మించకుండా, మీద అడ్డగాట్లతో. ర్యాంప్ లేని తొట్టిని మనుషులు దిగి తీయాలి, అంటే ఎవరూ తీయరు.

పాండ్ ఒక్కోటి 2,800 ఘనపు మీటర్లు. నీటి లోతు 2 మీటర్లు, పక్క వాలు నిలువు 1కి అడ్డం 2. అడుగున 66 × 16 మీటర్లు, నీటి మట్టం దగ్గర 74 × 24, దానిపైన 60 సెం.మీ. ఖాళీతో కట్ట అంచు దగ్గర 76.4 × 26.4. పొడవు వెడల్పుకు మూడు రెట్లుంది, అది మంచిది. చదరపు పాండ్‌లో నీళ్లు వచ్చిన దారినే అడ్డంగా తూము చేరతాయి, మూలలు ఊరికే నిలబడి చూస్తాయి. బయటి కట్టలు, మధ్య కట్ట 4 మీటర్ల వెడల్పు ఉంటేనే ప్రొక్లెయిన్ నడుస్తుంది. అన్నీ కలిపి రెండు పాండ్లకు ఎకరం ముప్పై ఐదు సెంట్లు. పదెకరాల యార్డులో ఇంత చోటు నీళ్లకు ఇవ్వాలంటే యజమానికి మనసొప్పదు. ఒక్కో పాండ్‌ను సగానికి, అంటే 50 మి.మీ. వానకు కుదించవచ్చు. అంతకంటే తగ్గితే అది పాండ్ కాదు, ఇన్‌స్పెక్టర్‌కు చూపించే గుంత.

నీళ్లు పడే చోట రాతి పేర్పు వేయండి, లేకపోతే కట్ట వాలు కోసుకుపోయి ఆ మట్టి కూడా మడ్డిలో చేరుతుంది. లోపలి వాలుకు, అడుగుకు 1.5 మి.మీ. మందం హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు. ఇక్కడొక ప్రమాదం. నవంబరులో భూగర్భ నీరు పైకొస్తుంది. పాండ్‌ను పూర్తిగా ఖాళీ చేస్తే కింది నీటి ఒత్తిడికి షీటు బుడగలా పైకి లేస్తుంది, అతుకులు చిరుగుతాయి. పక్కన ఒక పరిశీలన బోరు వేసి నీటిమట్టం చూస్తూ ఉండండి. వానాకాలంలో పాండ్ నీళ్లను ఆ మట్టం కంటే కిందికి తోడకండి. అలా అడుగున ఉండిపోయే నీళ్లు వాన పట్టే చోటు తింటాయి. ఆ మేరకు పాండ్ వెడల్పు పెంచుకోవాలి, లేదా కట్ట ఎత్తి పాండ్ అడుగును పైకి తేవాలి. మడ్డి తీయడం ఎండాకాలంలోనే అన్నది ఇందుకే.

తూము, అలుగు, సముద్రపు పోటు

అడుగున పైపు పెట్టి వాల్వు తిప్పితే మొదట వచ్చేది మడ్డే. నీళ్లు పైనుంచి తీయాలి. రెండు ఖాళీ డ్రమ్ములకు పంపు సక్షన్ పైపు కట్టి, దాని మూతి నీటి మట్టానికి 30 సెం.మీ. కింద ఉండేలా వేలాడదీయండి. నీళ్లు దిగే కొద్దీ అదీ దిగుతుంది. మీద తేలే పొరనూ తాకదు, అడుగు మడ్డినీ లేపదు. మడ్డికి అర మీటరు పైన తాడుతో ఆపాలి. 2,800 ఘనపు మీటర్లు 24 గంటల్లో పోవాలంటే గంటకు 120 ఘనపు మీటర్ల పంపు. నింపాక ఒక రోజు తేర్చడం, ఒక రోజు వదలడం, మూడో రోజుకు పాండ్ సిద్ధం.

తేలే పొరకు తూముకు రెండు మీటర్ల ముందు పాండ్‌కు అడ్డంగా పలక కట్టండి, నీటికి పైన 30 సెం.మీ., కింద 45 సెం.మీ. మట్టంతో పాటు పైకీ కిందికీ జరిగేలా డ్రమ్ముల మీద నిలపాలి. డీజిల్, ఆయిల్ మరకలు కూడా అక్కడే ఆగుతాయి. పలక వెనక పేరుకున్న పొర మీద సన్నగా నీళ్లు చిమ్మితే కొంత మునుగుతుంది, మిగతాది వలతో తీయాలి.

అలుగు లేని చెరువు ఏమవుతుందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. తెలంగాణలో మత్తడి అనండి, పేరేదైనా పని ఒకటే: పాండ్ మించిపోయినప్పుడు నీళ్లు కట్ట మీద ఎక్కడ పడితే అక్కడ దూకకుండా మనం చెప్పిన చోట దూకడం. తుఫాను వాన పోటు సెకనుకు 1.0 ఘనపు మీటరు. అలుగు మీద 30 సెం.మీ. మందాన పారితే 4 మీటర్ల పొడవు కావాలి. ఆ పైన ఇంకో 30 సెం.మీ. ఖాళీ. అందుకే కట్టకు 60 సెం.మీ. ఇచ్చాం. అలుగు కింద రాయి, సిమెంటు పేర్పు, ఆ నీళ్లు పోయే కాలువ దాకా. 2015 డిసెంబరు 1న నుంగంబాక్కంలో 24 గంటల్లో 290 మి.మీ. దాటింది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను నగరాన్ని మళ్లీ ముంచింది. అలాంటి రోజున 100 మి.మీ. పాండ్ ఎలాగూ పొర్లుతుంది. కట్ట మిగిలి ఉండటమే ఆ రోజుకు విజయం.

బయటి పైపు క్రీకులోకో బకింగ్‌హాం కాలువలోకో వదిలేదైతే, సముద్రపు పోటుకు అక్కడ నీళ్లు పైకి లేస్తాయి. ఈ తీరంలో పెద్ద పోటుకూ ఆటుకూ తేడా దాదాపు మీటరు. తుఫాను గాలికి అది ఇంకా పెరుగుతుంది. పైపు మూతికి ఒకవైపే తెరుచుకునే ఫ్లాప్ గేటు పెట్టకపోతే ఉప్పునీళ్లు వెనక్కి వచ్చి పాండ్ నింపుతాయి. ఫ్లాప్ అంచున బొగ్గు ముక్కో ప్లాస్టిక్ సంచో ఇరుక్కుంటే అది ఉన్నా లేనట్టే, వారానికోసారి చేత్తో ఆడించి చూడాలి. వదిలేది ఆటు సమయంలోనే.

వదలడానికి ముందు తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన కన్సెంట్, అంటే అనుమతి పత్రం, తీసి చదవండి. అందులో బయటికి వదలరాదని ఉంటే ఈ తూము సంగతి మర్చిపోయి మొత్తం స్ప్రింక్లర్లకే వాడాలి. వదలొచ్చని ఉంటే సాధారణ ప్రమాణాల్లో ఉపరితల జలాలకు నీళ్లలో కరగకుండా కలిసి ఉన్న ఘనపదార్థం లీటరుకు 100 మి.గ్రా., పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం చెప్పే అంకె) 5.5 నుంచి 9, ఆయిల్ గ్రీజు 10 మి.గ్రా. మించకూడదు. కన్సెంట్‌లో ఇంకా కఠినమైన అంకె ఉంటే అదే మీ హద్దు. కంటికి తేటగా కనిపించిందని వదలకండి. శాంపిల్ వడకట్టి 103 నుంచి 105 డిగ్రీల మధ్య ఆరబెట్టి తూచిన అంకే చెల్లుతుంది.

దిగనిదానికి పటిక

24 గంటలాగినా నీళ్లు బూడిదరంగులో ఉంటే 5 మైక్రాన్ల లోపు పొడి, కుప్ప కింది బంకమన్ను ఉన్నట్టు. మన ఇళ్లలో బిందె నీళ్లకు చిల్లగింజ అరగదీసేవారు, పటిక తిప్పేవారు. పని అదే, మోతాదు మాత్రం లెక్కతో వేయాలి.

పది గ్రాముల పటికను లీటరు నీళ్లలో కరిగించండి. ఈ ద్రావణం ఒక మి.లీ. లీటరు నీళ్లకు వేస్తే 10 మి.గ్రా. మోతాదు. పాండ్ నీళ్లు ఐదు లీటరు జాడీల్లో పోసి 2, 4, 6, 8, 10 మి.లీ. వేయండి. ఒక నిమిషం గట్టిగా, పదిహేను నిమిషాలు మెల్లగా కలిపి, అరగంట కదపకండి. తేట పడిన జాడీల్లో తక్కువ మోతాదుదే మీది. 40 మి.గ్రా. దగ్గర తేరిందనుకుంటే 2,800 ఘనపు మీటర్లకు 112 కిలోలు. దీన్ని గడ్డలుగా పాండ్‌లో విసిరితే అడుగున మడ్డిలో కూరుకుపోతుంది, డబ్బు పోతుంది. పది శాతం ద్రావణం చేసి, నిండుతున్నప్పుడే కాలువ నీళ్లు దూకే చోట ధారగా వదలండి. అప్పటికే నిండి ఉంటే పంపుతో ఒక పక్క తోడి ఇంకో పక్క చిమ్ముతూ, ఆ ధారలో కలిపి, తర్వాత పంపు ఆపేయండి.

వాన నీళ్లకు క్షారత, అంటే పులుపును తట్టుకునే గుణం, తక్కువ. పటిక లీటరుకు 60 మి.గ్రా. వేస్తే దాదాపు 30 మి.గ్రా. క్షారత తింటుంది. అది లేకపోతే పీహెచ్ పడిపోతుంది, పటిక పనిచేయదు, వదిలే హద్దూ దాటుతుంది. పటికకు ముందు, తర్వాత పీహెచ్ చూసి, 6 కంటే తగ్గుతుంటే కొద్దిగా సున్నం తేట ముందే కలపండి. పటిక బదులు వాడే పాలీ అల్యూమినియం క్లోరైడ్ ఈ విషయంలో నయం, ధర ఎక్కువ. రేణువులను గుంపు కట్టించే పాలిమర్లు వాడేవాళ్లు యానయానిక్ (రుణావేశ) రకమే అడగండి. కాటయానిక్ (ధనావేశ) రకం మిగిలిపోతే క్రీకులో చేపలకు విషం.

మడ్డి, దాని ధర

పారే నీళ్లలో లీటరుకు 5 గ్రాముల బొగ్గు ఉందనుకుంటే, 100 మి.మీ. వానకు 14 టన్నులు. 800 మి.మీ. సీజనుకు 112 టన్నులు. టన్ను ధరతో గుణించి యజమాని ముందు పెడితే గోడ, జాలీల బిల్లు మీద సంతకం తొందరగా పడుతుంది.

పాండ్‌లో నాలుగు చోట్ల ఇనుప గొట్టాలు పాతి 10 సెం.మీ.కు ఒక గీత పెట్టండి, 40 దగ్గర ఎర్రగీత. మడ్డి ఎర్రగీత తాకితే ఐదో వంతు లోతు పోయినట్టు, ఇక తీయాలి. ఏప్రిల్, మే నెలల్లో తేట తోడేసి, పది పదిహేను రోజులు ఆరనిచ్చి, కట్ట మీద నుంచి పొడుగు చేతి ప్రొక్లెయిన్‌తో తీయండి. బకెట్‌కు పళ్లుంటే షీటు చిరుగుతుంది, అంచు నున్నగా ఉన్న బకెట్ పెట్టించండి. తీసింది గార్లాండ్ డ్రెయిన్‌కు లోపలి వైపునే ఆరబోయాలి, బయట పోస్తే మొదటి వానకు మళ్లీ పని. ఆరాక మట్టి తక్కువున్న దాన్ని కుప్పలో కలపొచ్చు, ఒకే చోట కాకుండా పలచగా.

మడ్డి మీద ఎండకు పెచ్చు కట్టి గట్టి నేలలా కనిపిస్తుంది. కింద మెత్తగా ఉంటుంది, కాలు పెడితే నడుముదాకా దిగుతుంది. పాండ్ చుట్టూ కంచె, నాలుగు వైపులా తాడు కట్టిన లైఫ్‌బాయ్ (నీళ్లలో తేలే రక్షణ చక్రం), లోపలి వాలుకు తాళ్ల నిచ్చెన ఉండాలి, షీటు తడిస్తే సబ్బులా జారుతుంది. మూసిన సంప్‌లోకి గ్యాస్ పరీక్ష లేకుండా ఎవరినీ దించకండి.

వాన రోజుల్లో

ఆఫీసు పక్క ఖాళీలో వానమాని పెట్టి ఉదయం 8:30కు చదవండి, వాతావరణ శాఖ లెక్క కూడా ఆ గంటకే. అంకె పక్కన ఏ పాండ్‌లో ఎంత మట్టం, నీళ్లు ఏ పాండ్‌కు మళ్లించారు, పంపు ఎన్ని గంటలు నడిచిందో రాయండి. అల్పపీడనం వార్త రాగానే రెండు పాండ్లనూ పరిశీలన బోరు మట్టం ఒప్పుకునేంత కనిష్ఠానికి దింపాలి. నిండిన పాండ్‌తో తుఫానును ఎదురుచూడటం ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు. స్ప్రింక్లర్ల కోసం దాచుకున్నాం అంటారు. డిసెంబరు మధ్యదాకా దాచుకోవద్దు.

వాన తగ్గాక జనవరి నుంచి పాండ్ నీళ్లే దుమ్ముకు వాడొచ్చు. చదరపు మీటరుకు ఒక లీటరు చొప్పున రోజుకు మూడుసార్లు చల్లితే 4 హెక్టార్లకు 120 ఘనపు మీటర్లు, ఒక పాండ్ 23 రోజులు వస్తుంది. మీంజూరు చుట్టుపక్కల భూగర్భంలోకి సముద్రపు నీరు చొరబడి ఉంది. బోరు మీద ఆధారపడకపోవడం యార్డుకూ ఊరికీ మేలు. నాజిల్ ముందు జాలీ ఫిల్టరు పెట్టి రోజూ కడగండి. కడిగిన నీళ్లు కూడా నల్లకాలువలోకే.